నాసా హ్యాకథాన్‌కి మన ఊరి ప్రశ్న పట్టుకెళ్ళండి

అక్టోబర్ రెండో వారం వస్తోందంటే మా అమ్మ మేడ మీద రేకులకి తాళ్ళు బిగిస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. మరుసటి ఏడాది హుద్‌హుద్ విశాఖని పట్టుకున్నదీ అక్టోబర్ 12నే. 2018లో తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఒడిశాలోని మా గజపతి జిల్లాని ముంచేసింది అక్టోబర్ 11 తెల్లవారుజామున. అందుకని మా ఇంట్లో ఒక నియమం ఉంది. 12వ తేదీ దాటేదాకా పెళ్ళిచూపులు పెట్టుకోరు, పైకప్పు పని మొదలుపెట్టరు.

నేను పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. నాసా ఏటా జరిపే హ్యాకథాన్, స్పేస్ యాప్స్ ఛాలెంజ్‌లో రెండుసార్లు పాల్గొన్నాను. రెండోసారి, 2025లో, అమ్మ మాటనే ప్రాజెక్టుగా తీసుకున్నాం. రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో పెరిగి, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటున్న పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, "అక్కా, మాకు కోడింగ్ పెద్దగా రాదు, మేం చేయగలమా?" అని. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చేయగలరు. ఎలాగో చెప్తాను.

ముందు అసలు సంగతి. ఈ హ్యాకథాన్ 2012లో మొదలైంది. సాధారణంగా అక్టోబర్ మొదటి శని, ఆదివారాల్లో ప్రపంచమంతా ఒకేసారి జరుగుతుంది. ఫీజు లేదు. నాసా శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు తయారుచేసిన కొన్ని సమస్యలను కొన్ని వారాల ముందే వెబ్‌సైట్లో పెడతారు. వాటిలో ఒకటి తీసుకుని, నాసా ఉచితంగా ఇచ్చే డేటాతో రెండు రోజుల్లో ఏదో ఒకటి తయారుచేసి చూపించాలి. యాప్ కావచ్చు, మ్యాప్ కావచ్చు, ఆట కావచ్చు, బొమ్మల కథ అయినా కావచ్చు. టీమ్‌లో ఆరుగురికి మించకూడదు. నాసా డబ్బు బహుమతులేమీ ఇవ్వదు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పేయండి, "గెలిస్తే ఎంతిస్తారు?" అని తర్వాత ఎవరూ అడగకుండా ఉంటారు.

మొదటిసారి, 2023లో, మేం దూరపు గ్రహాల మీద ఏదో గొప్పగా చేద్దామనుకున్నాం. శనివారం మొత్తం ఏం చేయాలన్న చర్చలోనే పోయింది. ఆదివారం సాయంత్రానికి మా దగ్గర మిగిలింది ఎక్కడెక్కడివో బొమ్మలు అతికించిన ఏడెనిమిది స్లయిడ్లు. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. పిల్లలు రెండు రోజులు నిద్ర మానుకుని కూర్చున్నారు. వాళ్ళ చేతికి నేను సరైన ప్రశ్న ఇవ్వలేకపోయాను.

అందుకే నేను మొదట చెప్పేది ఇదే. సమస్యల జాబితా తెరిచినప్పుడు ఏది గొప్పగా ఉందో చూడకండి. మీ ఊళ్ళో ఎవరైనా ఇప్పటికే అడుగుతున్న ప్రశ్న దేనిలో ఉందో చూడండి. 2025 జాబితాలో ఒక సమస్య పేరుకి అర్థం "నా ఊరేగింపు రోజున వాన పడుతుందా?" అని. ఒక చోటు, ఒక తేదీ ఇస్తే, ఆ రోజు బాగా వాన పడే అవకాశం, బాగా ఎండ కాసే అవకాశం, గాలి వీచే అవకాశం ఎంతో పాత రికార్డుల నుంచి లెక్కగట్టి చెప్పాలి. రేపటి వాతావరణం చెప్పడం కాదు, ఇన్నేళ్ళలో ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పడం. అది చదవగానే మా చెల్లి అంది, "ఇది అమ్మ ప్రశ్నే కదే!" మా ప్రాజెక్టు అక్కడే ఖాయమైపోయింది.

రిజిస్ట్రేషన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. స్పేస్‌యాప్స్‌ఛాలెంజ్ డాట్ ఆర్గ్‌లో ఒక్కొక్కరూ విడిగా అకౌంట్ తెరవాలి. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. తర్వాత ఒక లోకల్ ఈవెంట్ ఎంచుకోవాలి. దగ్గర్లో లేకపోతే ఇంటి నుంచే పాల్గొనే ఆన్‌లైన్ ఈవెంట్ ఎంచుకోవచ్చు. టీమ్‌లో అందరూ ఒకే ఈవెంట్ కింద ఉండాలి. మాలో ఒకమ్మాయి పొరపాటున వేరే నగరం ఈవెంట్ కింద చేరింది. అది మార్చుకుని టీమ్‌లోకి వచ్చేసరికి శనివారం మధ్యాహ్నమైంది. ఇది వారం ముందే చూసుకోండి. టీమ్ ఓనర్‌గా మాత్రం ఎవరింట్లో కరెంటు, నెట్ నమ్మకంగా ఉంటాయో వాళ్ళని పెట్టండి.

టీమ్‌ని కూర్చేటప్పుడు ఆరుగురూ కోడింగ్ వచ్చినవాళ్ళే కావాలని వెతక్కండి. మా టీమ్‌లో పైథాన్ వచ్చింది ఒక్కళ్ళకే, బరంపురంలో చదువుతున్న ఒక ఒడియా అమ్మాయికి. మా చెల్లి ఎక్సెల్ మనిషి. ఇంకో ఇద్దరు బొమ్మలు, వీడియో చూసుకున్నారు. ఐదో వ్యక్తి నా దగ్గర చదువుకున్న సవర తెగ అబ్బాయి, వాళ్ళది గుమ్మ వైపు కొండ ఊరు. ఏ వానకి ఏ గెడ్డ పొంగుతుందో, ఏ దారి ఎన్ని గంటల్లో మూసుకుపోతుందో అతనికి నోటికి వచ్చు. మా ప్రాజెక్టులో పనికొచ్చే ప్రశ్నలన్నీ అతను అడిగినవే. ఇలాంటి మనిషి ఒకరు ప్రతి టీమ్‌లోనూ ఉండాలి.

ఆ ఏడాది దసరా అక్టోబర్ 2న వచ్చింది. పండగ సాయంత్రమే తీవ్ర వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి దారులు మూసుకుపోయాయి. హ్యాకథాన్ 4, 5 తేదీల్లో. ఆ అబ్బాయి కిందకి రాలేకపోయాడు. సిగ్నల్ కోసం బడి మెట్ల దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్లో మాట్లాడేవాడు. మేం పాత వానల్ని లెక్కపెడుతుంటే అతను ఆ వానలోనే నిలబడి ఉన్నాడు. అప్పటికి నాకు ఈ పని పోటీలా అనిపించడం మానేసింది.

ఇక డేటా. ఇక్కడే అసలు పని ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కొత్తవాళ్ళు నాసా పవర్ అనే సైట్‌తో మొదలుపెట్టండి. లాగిన్ అక్కర్లేదు. మ్యాప్ మీద ఒక చుక్క పెట్టి, రోజువారీ లెక్క అని ఎంచుకుని, తేదీలు ఇచ్చి, వాన, ఉష్ణోగ్రత, గాలి ఏవి కావాలో టిక్ చేసి, ఎక్సెల్లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ దింపుకోవచ్చు. వాన లెక్క 1981 నుంచి ఉంటుంది. పర్లాకిమిడికి అక్షాంశం 18.78, రేఖాంశం 84.09 ఇచ్చాం. ఫైల్ పైన పది పదిహేను వరుసల్లో వివరాలు ఉంటాయి, వాటి కింద నుంచి అసలు పట్టిక మొదలవుతుంది. ఆ వివరాలు చదవకుండా వదిలేయకండి. మేం వదిలేశాం. శనివారం మా చెల్లి ఆ ఏడాది అక్టోబర్ సగటు వాన లెక్కేస్తే సున్నా కంటే తక్కువ వచ్చింది. వాన సున్నా కంటే తక్కువ ఎలా పడుతుంది? గంటసేపు సూత్రాలన్నీ తిరగేశాం. చివరికి చూస్తే, ఇంకా లెక్క అందని తాజా రోజులకి ఆ ఫైల్లో మైనస్ 999 అని వేస్తారట, అది పై వివరాల్లోనే రాసి ఉంది. మేం ఆ రోజు దాకా డేటా అడిగాం కాబట్టి చివరి రోజులన్నీ మైనస్ 999లే. వాటిని ఖాళీ చేశాకే సగటు వేయాలి.

తర్వాత అనుమానం ఆ అబ్బాయిది. "అక్కా, మహేంద్రగిరి మీద పడే వానా మీ ఊళ్ళో పడే వానా ఒకటేనా?" అన్నాడు. మహేంద్రగిరికి 18.97, 84.37 ఇచ్చి మళ్ళీ దింపాం. రెండు ఫైళ్ళలోనూ వాన అంకెలు అచ్చంగా ఒకటే! 1,501 మీటర్ల కొండ శిఖరానికీ, కింద మా ఊరికీ ఒకే వాన. ఏదో తప్పు చేశామనుకున్నాం, కానీ తప్పేమీ లేదు. పవర్‌లో వాన లెక్క వచ్చే కంప్యూటర్ మోడల్ భూమిని గడులు గడులుగా కోస్తుంది. ఒక్కో గడి ఉత్తర దక్షిణాలుగా అర డిగ్రీ, తూర్పు పడమరలుగా 0.625 డిగ్రీ. మన దగ్గర అది సుమారు 55 కిలోమీటర్లు, 65 కిలోమీటర్లు. మా ఊరూ, ఆ కొండా ఒకే గడిలో పడ్డాయి. గడికంతటికీ ఒకటే అంకె. తుపాను గాలైనా, కొండ మీది కుండపోత అయినా ఆ సగటులో పలచబడిపోతుంది.

కాబట్టి మీ ఊరికి డేటా దింపాక, పక్కనున్న ఇంకో రెండు ఊళ్ళకి కూడా దింపి పోల్చండి. గడి అంచు ఎక్కడుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ సంగతి ప్రాజెక్టు పేజీలో రాయండి. జడ్జీలు చూసే ఐదు విషయాల్లో ఒకటి మీరు చెప్పింది శాస్త్రపరంగా నిలబడుతుందా అన్నది. మీ డేటాకి ఎక్కడ చూపు ఆనదో మీరే చెప్పగలిగితే అక్కడ బలం వస్తుంది.

చిన్న గడులు కావాలంటే ఐమెర్గ్ ఉంది. వానని కొలిచే జీపీఎం ఉపగ్రహాల లెక్క అది. 0.1 డిగ్రీ గడి, అంటే సుమారు 11 కిలోమీటర్లు, ప్రతి అరగంటకీ ఒక అంకె. దీనికి ఎర్త్‌డేటా అకౌంట్ కావాలి, ఉచితమే. హ్యాకథాన్‌కి ముందే తెరిచి పెట్టుకోండి. జొవాన్ని అనే సైట్లో ఈ డేటాని కోడ్ రాయకుండానే గ్రాఫ్‌గా చూడొచ్చు. మేం తిత్లీ వారానికి మాత్రం దీన్ని వాడాం.

అక్కడ అమ్మ మమ్మల్ని పట్టుకుంది. ఆదివారం పొద్దున్న టీ ఇస్తూ గ్రాఫ్ చూసింది. తుపాను తీరం దాటిన సమయం అని చెల్లి ఒక ఎర్ర గీత గీసింది, 11వ తేదీ ఉదయం 5 దగ్గర. "అప్పటికి వాన ఇంత ముదరలేదే, గాలే ఎక్కువ. వాన తర్వాత కదా కుమ్మేసింది" అంది అమ్మ. మేం పట్టించుకోలేదు. అరగంట తర్వాత చెల్లికే తట్టింది. ఉపగ్రహ డేటాలో సమయం మన గడియారం ప్రకారం ఉండదు, యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయంలో ఉంటుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది మన లెక్కలో 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య. యూటీసీలో అది 10వ తేదీ రాత్రి 11, 12 మధ్య. తారీఖే మారిపోయింది! గీతని ఐదున్నర గంటలు వెనక్కి జరిపితే గ్రాఫ్ అమ్మ చెప్పినట్టే వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన వాతావరణ శాఖ వాన కొలతకి రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా. యూటీసీ రోజు మనకి ఉదయం 5:30కి మొదలవుతుంది. ఉపగ్రహం అంకెనీ, పేపర్లో వచ్చిన అంకెనీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ మూడు గంటల తేడా గుర్తుపెట్టుకోండి.

లెక్క విషయానికొస్తే, మేం చేసింది చాలా తేలిక. 12వ తేదీ ఒక్కదాన్నే తీసుకుంటే 1981 నుంచి 2024 దాకా 44 రోజులే దొరుకుతాయి. అది చాలదు. అందుకని అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజులు కలిపి 7 నుంచి 17 దాకా తీసుకున్నాం. 44 ఏళ్ళు, ఏటా 11 రోజులు, మొత్తం 484 రోజులు. వాటిలో 2.5 మిల్లీమీటర్లు దాటినవి ఎన్ని, 64.5 దాటినవి ఎన్ని అని లెక్కపెట్టాం. ఈ హద్దులు మేం కల్పించుకున్నవి కావు. వాతావరణ శాఖ వాన పడిన రోజు అనేది 2.5కి, భారీ వర్షం అనేది 64.5కి. మనం సొంతంగా ఒక అంకె పెట్టుకుంటే జడ్జీ "ఎందుకు?" అని అడుగుతారు. అందరూ వాడే హద్దు పెడితే ఆ ప్రశ్న రాదు. ఈ పనికి ఎక్సెల్ చాలు. వచ్చిన అంకె ఎంతో నేను ఇక్కడ చెప్పను. మీ ఊరికి మీరే లెక్కపెట్టండి, హ్యాకథాన్‌కి అదే మంచి రిహార్సల్.

అమ్మ మాట ఏమైందంటే, 12వ తేదీకి ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. అక్టోబర్ మొదటి సగమంతా తడిగానే ఉంది, రుతుపవనాలు అప్పటికి ఇంకా పూర్తిగా వెళ్ళిపోవు కదా. ఈ మాట చెప్తే అమ్మ, "మూడుసార్లు కళ్ళారా చూశాక నాకు మీ లెక్క దేనికే" అంది. ఆమె తప్పని నేను అనను. మూడు తుపాన్లు సగటుని కదపలేవు, కానీ ఇళ్ళని కూల్చేశాయి. ఆ రెండు మాటలూ ప్రాజెక్టులో పక్కపక్కన పెట్టాం. తెర మీద ఒక పక్క అవకాశం ఎంతో, ఇంకో పక్క ఆ తేదీల దగ్గర ఈ ప్రాంతంలో గతంలో వచ్చిన తుపాన్ల పేర్లు.

తిత్లీ సమయంలో మా జిల్లాలో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, వానకి తలదాచుకున్న మనుషులు చనిపోయారు. ఆ అబ్బాయి అడిగింది దాని గురించే, "వానతో పాటు చరియల సంగతి కూడా చెప్పొచ్చు కదా?" అని. నాసాలో లాసా అనే పద్ధతి ఉంది. ఈమధ్య పడిన వానని, వాలు మొదలైన వాటితో చేసిన మ్యాప్‌తో కలిపి ఎక్కడ ప్రమాదమో అంచనా వేస్తుంది. మాకు ఆశ పుట్టింది. కానీ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలైంది. నేనే వద్దన్నాను. అరకొరగా చేసిన ప్రమాద హెచ్చరిక మనుషుల్ని తప్పుదారి పట్టిస్తుంది. "తర్వాత చేయాల్సినది" అని ఒక పేరా రాసి ఆపేశాం. మీరు కూడా ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. అప్పటి నుంచి రాత పని, వీడియో పని మాత్రమే.

రాత గురించి నాది ఒక మాట. ప్రాజెక్టు పేజీ ఇంగ్లీషులో రాయాలి. మన పిల్లలు అక్కడ బెదిరిపోయి, ఎక్కడి నుంచో పెద్ద పెద్ద వాక్యాలు తెచ్చి పెడతారు. ముందు ఇంట్లో వాళ్ళకి మీ ప్రాజెక్టుని తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఎవరికి ఇబ్బంది, మీరేం చేశారు, ఏ డేటా వాడారు, ఏం తేలింది. వాళ్ళకి అర్థమైతే ఆ నాలుగు వాక్యాలనే ఇంగ్లీషులోకి మార్చండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిందీ ఆయనే. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటూ, మనకే అర్థం కాని వాక్యం పేజీలో పెట్టడం నాకు ఇష్టం లేదు. మా యాప్ తెర మీద వాన మాటలు తెలుగు, ఒడియా, సవర మూడింటిలో పెట్టాం. సవర మాటలు ఆ అబ్బాయి వాళ్ళ నాన్నమ్మని అడిగి ఫోన్లో చెప్పాడు.

పేజీలో వాడిన డేటా ప్రతిదాని పేరూ రాయాలి. ఏఐ సాయం తీసుకుంటే అదీ చెప్పాలి, దాచకూడదు. వీడియో లేదా స్లయిడ్లకి ఎంత నిడివి అన్నది ఆ ఏడాది నియమాల్లో చూసి, దానికి తగ్గట్టు ముందే కత్తిరించుకోండి. వీడియోలో మాట్లాడేవాళ్ళు చదివినట్టు కాకుండా మాట్లాడాలి. లింకులన్నీ ఎవరైనా తెరవగలిగేలా ఉన్నాయో లేదో లాగిన్ లేని ఇంకో ఫోన్లో తెరిచి చూడండి. మా లింకు ఒకటి "అనుమతి అడగండి" అని చూపించింది. అది చూసుకోకపోయుంటే జడ్జీ కూడా అక్కడే ఆగిపోయేవారు.

కరెంటు సంగతి మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. డేటా అంతా శుక్రవారమే దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. సరిహద్దులో ఉన్నాం కాబట్టి మాకో సౌకర్యం ఉంది, ఒక ఫోన్ ఒడిశా టవర్ పట్టుకుంటే ఇంకోటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవర్ పట్టుకుంటుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నాం. ఆదివారం రాత్రి గడువు ఆఖరి నిమిషాల దాకా ఆగకుండా తొమ్మిదికల్లా సబ్మిట్ నొక్కేశాం.

లోకల్ జడ్జీలు ఎంచిన ప్రాజెక్టులు గ్లోబల్ నామినేషన్‌కి వెళ్తాయి. అక్కడ డేటా వాడకానికి, కథనానికి, స్థానిక ప్రయోజనానికి ఇలా విడివిడిగా అవార్డులు ఉంటాయి. మాది నామినేషన్ దాకా వెళ్ళలేదు. ఆ వారం పిల్లలు దిగులుపడ్డారు, నేనూ పడ్డాను.

దారి తెరుచుకున్నాక ఆ అబ్బాయి కిందకి వచ్చాడు. మా గ్రాఫ్ ప్రింట్ తీసుకుని, "మా ఊరి వాన ఇందులో లేదు కదా అక్కా, గడి సగటే ఉంది" అన్నాడు. ఇద్దరం బజారుకెళ్ళి ప్లాస్టిక్ గరాటు, అదే వెడల్పున్న నిటారు డబ్బా, స్కేలు కొన్నాం. దాన్ని వాళ్ళ ఊరి బడి ఆవరణలో, చెట్టు నీడ పడని చోట నిలబెట్టాడు. రోజూ ఉదయం 8:30కి కొలత చూసి నోటుబుక్కులో రాస్తున్నాడు, ఆదివారాలు కూడా.